కొండల్లేని ఊళ్లో కొండ బూట్లు

నేనేం ఉద్యోగం చేస్తానని ఎవరైనా అడిగితే మా బంధువులు "అమలాపురంలో ఏదో షాపులోనండి" అని మాట దాటేసేవారు. చెప్పుల షాపు అనడానికి వాళ్లకు నోరు వచ్చేది కాదు. అక్క టీచరు, వదిన నర్సు. నేను మాత్రం పదవీ విరమణ దాకా ఊళ్లోవాళ్ల పాదాల ముందు చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాను. అందుకు నాకెప్పుడూ చిన్నతనం అనిపించలేదు.

ఈమధ్య మేనకోడలితో కలిసి కొత్తగా తెరిచిన పెద్ద షోరూముకి వెళ్లాను. ఒకే రంగు చొక్కాలతో ఆడపిల్లలు ముచ్చటగా ఉన్నారు. అట్టపెట్టె చేతికిచ్చి, వేసి చూసుకోమని, ఫోను చూసుకుంటూ పక్కన నిలబడ్డారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ల వయసులో నాకు పని నేర్పిన మనిషి ఉన్నారు, వాళ్లకు లేరు. అందుకని ఆయన గురించీ, ఒక జత బూట్ల గురించీ ఆ పిల్లలకు చెప్పాలనిపించింది.

మా షాపు గడియారస్తంభం దగ్గర ఉండేది. నేను చేరకముందు అక్కడ అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి "ఆరో నంబరు ఇవ్వండి" అనేవారు. కాలు చాపమంటే చీర కుచ్చెళ్లు కిందికి లాక్కునేవారు. పట్టుకెళ్లిన చెప్పులు మర్నాడే తిరిగొచ్చేవి. విసిగిపోయిన ఓనరుగారు ఒక ఆడమనిషిని పెట్టుకుందామనుకున్నారు. అలా దొరికింది నాకు ఆ ఉద్యోగం.

షాపులో అందరికన్నా పెద్దాయన్ని మేమంతా బాబాయిగారు అనేవాళ్లం. సన్నగా, కాస్త వంగి, ఎప్పుడూ తెల్ల పొట్టి చేతుల చొక్కాతో ఉండేవారు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే ఏ కాలు ఎక్కువ అరుగుతోందో చెప్పేసేవారు. ఆడవాళ్ల పాదం మాత్రం ఆయన ముట్టుకునేవారు కాదు. నేను కూర్చుని పట్టుకుంటే, ఆయన నాలుగడుగుల దూరంలో అరల వైపు తిరిగి నిలబడి, "బొటనవేలి ముందు నొక్కి చూడమ్మాయ్, ఎంత ఖాళీ ఉందీ?" అని అడిగేవారు. "వేలెడుందండి" అంటే, "మడమ వెనక?" అనేవారు. చెయ్యి నాది, బుర్ర ఆయనది. అలాగే నేర్చుకున్నాను. కొత్త జోడు కొనడానికి సాయంత్రం రమ్మనాలి, పొద్దుటికీ సాయంత్రానికీ పాదం పొంగుతుంది. రెండు కాళ్లూ చూడాలి, ఏ మనిషికీ రెండూ ఒక్కలా ఉండవు. పెద్ద కాలి కొలతకే జోడు ఇవ్వాలి. ఇవన్నీ ఆయన చెప్పినవే.

ఆ బూట్ల సంగతి జరిగేనాటికి నేను రిటైరవడానికి కొన్నేళ్లే ఉంది.

మామిడికుదురు దగ్గర ఒక పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఆమె ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు, ఆ తర్వాత ఒక కొడుకు. కూతురికి అటవీ శాఖలో ఉద్యోగం వచ్చింది. రాతపరీక్ష అయింది, నడక పరీక్ష అయింది. చదును రోడ్డు మీద నడక ఆ పిల్లకు ఒక లెక్క కాదు, కాలేజీకి రోజూ గట్టు వెంట నడిచినదే. ఇక ట్రైనింగుకి కొండల్లోకి వెళ్లాలి. తెచ్చుకోవలసిన సామానులో కొండ ఎక్కే బూట్లు ఒక జత అన్నారు. తల్లీకూతుళ్లు మా షాపుకు వచ్చారు.

ఆ రోజు నేను లేను. మా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి రాజోలు వెళ్లాను.

మా దగ్గర ఆడవాళ్ల కొండ బూట్లు లేవు. ఉండవు కూడా. మా సీమలో ఎత్తంటే ఏటిగట్టూ, వంతెనాను. గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే కుర్రాళ్ల కోసం బరువు బూట్లు పెట్టేవాళ్లం. వాటితోపాటు ఎప్పుడో వచ్చిన మగవాళ్ల ట్రెక్కింగ్ బూట్లు రెండు మూడు జతలు పైఅరలో పడి ఉన్నాయి. బాబాయిగారు వాటిలో చిన్న సైజు తీసిచ్చి, ఎప్పటిలాగే అరల వైపు తిరిగి, "ఎలా ఉందమ్మా?" అని అడిగారట. ఆ పిల్ల రెండడుగులు వేసి "బావుందండి" అంది.

మా పనిలో నమ్మకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే. ఇరుగ్గా ఉన్నా బావుందండి, వదులైనా బావుందండి. మగాడైతే "ఇదేంటండీ, ఇలా కరుస్తోంది!" అని బూటు అవతల పడేస్తాడు. ఆడపిల్ల మాత్రం ఎదుటివాళ్లను ఎందుకు ఇబ్బంది పెట్టడమని, కరిచే దాన్నే బావుందని పట్టుకెళ్తుంది.

కొన్ని వారాల తర్వాత, ఒక శనివారం పొద్దుట షాపు తీసి తుడుస్తుండగా తల్లి బూట్ల పెట్టె పట్టుకుని ముందు వచ్చింది. వెనకే కూతురు, హవాయి చెప్పుల్లో, మడమ నేలకు ఆనకుండా మునివేళ్ల మీద నడుస్తూ వచ్చింది.

తల్లి పెట్టె బల్ల మీద పెట్టింది. కోపంగానే ఉంది కానీ గొంతు పెంచలేదు.

"పెద్దోరు, మిమ్మల్నేం అనలేనండి. మా పిల్ల కాళ్లు ఒకసారి చూడండి. అంతేనండి."

బాబాయిగారు చూశారు. నేనూ చూశాను. రెండు మడమల వెనకా చర్మం ఊడి పచ్చిగా ఉంది. బొటనవేళ్ల గోళ్లు రెండూ నల్లగా కమిలిపోయాయి.

"తిరిగివ్వడానికి రాలేదండి," అని ఆ పిల్లే కంగారుగా అంది. "మా తమ్ముడు వేసుకుంటానన్నాడు. వేరే జత ఏమన్నా ఉంటాయేమోనని..."

మెల్లగా అడిగితే సంగతి చెప్పింది. మొదటి పెద్ద నడకలో బ్యాచ్ మొత్తం దిగిపోయాక గంటకి దిగిందట. ట్రైనింగు ఇచ్చే ఆయన, కోనసీమవాళ్లకి కొండలు పడవులే అని నవ్వారట. నెలాఖరున ఇంకో నడక ఉంది, రెండు కొండలు దాటాలి. అందులోనూ ఆగిపోతే వచ్చే బ్యాచ్‌తో మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. సోమవారం పొద్దుటికి తిరిగి వెళ్లిపోవాలి.

"మళ్లీ ఎందుకండీ," అంది తల్లి నాతో, కూతురు వినేలాగే. "టీచరు పరీక్ష రాసుకోవే, ఇంటిపట్టున ఉంటావు అన్నాను. వింటదా? మన కాళ్లు బురదలో నడిచే కాళ్లండి. ఆ రాళ్లల్లో ఏం చేస్తాయి?"

నేను స్టూలు లాక్కుని కూర్చోబోయాను. బాబాయిగారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఆ స్టూలు మీద ఆయనే కూర్చున్నారు. ఆ షాపులో అంతకాలం పనిచేసిన నేను, ఒక ఆడమనిషి కాళ్ల ముందు ఆయన అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, పాదం పట్టుకుని చూడొచ్చా?" అని ఆ పిల్లను అడిగారు.

పిల్ల చటుక్కున కాళ్లు కుర్చీ కిందికి లాగేసుకుంది. తల్లి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అయ్యయ్యో, పెద్దోరు మీరు మా పిల్ల కాళ్లు పట్టుకోవడమేంటండీ! పాపం చుట్టుకుంటదండి."

"చూడకుండా ఇచ్చేను కదమ్మా, ఆ పాపం ఎలాగూ నాదే," అన్నారు బాబాయిగారు.

కాసేపటికి ఆ పిల్ల కుడికాలు ముందుకు పెట్టింది.

ఆయన ఆ పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. పుండు తగలకుండా మడమను చుట్టూ తడిమారు, వేళ్ల మొదట్లో వెడల్పు చూశారు, అరికాలి వంపు చూశారు. తర్వాత ఎడమది. చూస్తున్నంతసేపూ నాతోనే చెప్పారు, పాఠం చెప్పినట్టు. "ముందు వెడల్పు. చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా తిరిగిన కాలు, వేళ్లు హాయిగా విచ్చుకున్నాయి. మడమ మాత్రం సన్నం. ఆడవాళ్ల మడమ అలాగే ఉంటాది. మగాడి బూటుకి వెనక మడమ కూర్చునే గిన్నె పెద్దది. ఎక్కుతుంటే మడమ లేచిపోతాది, రాసుకుంటాది. దిగుతుంటే పాదం మొత్తం ముందుకు జారి గోళ్లు వెళ్లి బూటు ముందు గోడకి కొట్టుకుంటాయి. సైజు చిన్నదిచ్చేస్తే సరిపోద్దా? అది చిన్న మగాడి బూటు అవుద్ది గానీ ఆడపిల్ల బూటు అవుద్దా?" ఆఖరి ముక్క నాతో కాదు, తనతో తనే అనుకున్నారు.

ఆడవాళ్ల కొలతకు కుట్టిన బూట్లు కావాలి. ఓనరుగారు ఫోన్లు చేశారు. పెద్ద ఊళ్లనుంచి తెప్పిస్తే వారం పడుతుందన్నారు. బాబాయిగారు వింటూ ఉండి, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, "రాజమండ్రి వెళ్లొస్తానండి," అన్నారు.

"ఒక్క జత కోసమా?" అన్నారు ఓనరుగారు.

"ఆయ్," అన్నారు బాబాయిగారు, మెట్లు దిగుతూ.

మర్నాడు ఆదివారం. తల్లీకూతుళ్లు చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, ఎండ తగ్గాక వస్తామన్నారు. షాపు నేల పలకలతో నున్నగా ఉంటుంది, అక్కడ నడిస్తే ఏం తెలుస్తుంది? బాబాయిగారు బోడసకుర్రు దగ్గర ఏటిగట్టుకి రమ్మన్నారు. నేనూ ఆయనా ఆటోలో వెళ్లాం. ఒళ్లో మూడు అట్టపెట్టెలు. తన స్నేహితుడి షాపులో బతిమాలి, రెండు రోజుల్లో తిరిగిస్తానని తెచ్చినవి. రాజమండ్రిలో ఎక్కడెక్కడ తిరిగారో చెప్పలేదు కానీ మొహం పీక్కుపోయి ఉంది.

వైనతేయ నది మీదినుంచి గాలి బాగా వీస్తోంది. ఆ పిల్ల మడమలకు నేను దూది పెట్టి ప్లాస్టరు వేశాను. నడకలో వేసుకునే దళసరి మేజోళ్లే వేసుకు రమ్మన్నాం, అవే వేసుకొచ్చింది. పలచటి మేజోళ్లతో కొలత చూస్తే తర్వాత ఇరుకైపోతుంది.

మొదటి జత వేసుకుని గట్టు ఎక్కింది, దిగింది. "బావుందండి," అంది.

నాకు ఒళ్లు మండింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. బావుందో లేదో చెప్పకు. ఎక్కడ తగులుతోందో చెప్పు," అన్నాను.

తెల్లబోయి నా వైపు చూసింది. మళ్లీ ఎక్కి, ఈసారి కళ్లు నేల మీద పెట్టి మెల్లగా దిగింది. "చిటికెన వేలు పట్టేస్తోందండి," అంది. అని, ఏదో తప్పు చేసినట్టు బాబాయిగారి వైపు చూసింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ! ఇంకా చెప్పు. ఇంకెక్కడ?"

"అరికాలి మధ్యలో గట్టిగా ఉందండి. ఏదో రాయి ఉన్నట్టు."

"విప్పెయ్యి, విప్పెయ్యి."

రెండో జత వేసుకునేసరికి పొద్దు వాలుతోంది. గట్టు మీద పోయే సైకిళ్లవాళ్లు ఆగి చూస్తున్నారు. చీర కట్టిన ఆడవాళ్లిద్దరూ, ఒక ముసలాయనా, గట్టు ఎక్కి దిగుతున్న ఒక పిల్లా. ఏం జరుగుతోందో వాళ్లకు ఏం తెలుస్తుంది? ఆ పిల్ల సిగ్గుతో కుంచించుకుపోయింది. రెండుసార్లు ఎక్కి దిగి గట్టిగా చెప్పింది. "ఇవి సరిపోయేయండి. నిజంగానండి. ఎక్కడా తగల్లేదు. చీకటి పడిపోద్ది, మీరు వెళ్లాలి కదండీ. ఇవి చాలండి."

నేను వంగి నొక్కి చూశాను. బొటనవేలి ముందు ఖాళీ ఉంది. మడమ నిలిచింది. నాకూ సరిపోయినట్టే అనిపించింది. బాబాయిగారు కూడా తలూపారు. పెట్టె మూత పెట్టబోయాను.

గట్టు కింద రాయి మీద తల్లి కూర్చుని ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ నది వైపే చూస్తోందనుకున్నాను. ఆమె లేచి నిలబడింది.

"సరిపోలేదండి," అంది.

"అమ్మా, నువ్వూరుకో," అంది కూతురు.

"నువ్వు ఊరుకోవే. దిగేటప్పుడు ఎడమకాలు ఈడుస్తున్నావు. నడక నేర్పినదాన్ని, నాకు తెలీదా? ఎడమ దాంట్లో ఏదో ఉందండి. మూడోది చూపించండి."

పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. గాలికి ఇసుక పడిందో, మరేమోనో.

ఆమె నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. ఆ జత వేసుకుని పిల్ల వెళ్లేది, ఎడమకాలు పుండుపడేది, నెలాఖరు నడకలో ఆగిపోయేది, టీచరు పరీక్షకు ఇంటికి వచ్చేసేది. ఆమె కోరుకున్నది అదే కదా! ఆ ఒక్క మాటతో ఆమె తన పిల్లను కొండలకు పంపేసింది. ఇన్నేళ్లు గడిచినా, ఆ గట్టు కింద నిలబడిన మనిషి నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఎడమకాలు మళ్లీ చూశాం. కుడిదాని కన్నా రవ్వంత పొడుగు. నిలబడినప్పుడు తెలియదు, దిగేటప్పుడు రెండో వేలు తగులుతోంది. మూడో జత అర సైజు పెద్దది. కుడికాలికి కాస్త వదులైతే బాబాయిగారు బూటు లోపల అరికాలి కింద ఇంకో అట్ట వేసి సరిచేశారు. అక్కడే గడ్డి మీద కూర్చుని లేసు కట్టడం నేర్పారు. ఎక్కేటప్పుడు చీలమండ దగ్గర కాస్త వదులు, దిగబోయే ముందు ఆగి, మడమ వెనక్కి తట్టి, బిగించి కట్టాలి. పిల్ల కట్టింది. ఆయన విప్పేశారు. మళ్లీ కట్టమన్నారు. మూడోసారికి బాగుందన్నారు.

పిల్ల ఎక్కింది, దిగింది. దిగేటప్పుడు పరుగెత్తింది. కింద తల్లి దగ్గరికొచ్చి ఆగింది.

తల్లి పాదాల వైపు చూసి, "ఆయ్," అంది.

ఆ తర్వాత నెలాఖరు దాకా బాబాయిగారితో వేగలేకపోయాం. ఒకాయనకు రెండు ఎడమ చెప్పులు పెట్టెలో పెట్టి పంపేశారు. వర్షం పడితే "అక్కడ కూడా పడుతోందంటావా?" అనేవారు. "గోళ్లు కత్తిరించుకోమని చెప్పేవా?" అని రోజూ అడిగేవారు. చెప్పానండీ అంటే, "తిన్నగా కత్తిరించుకోమన్నావా?" అనేవారు.

బళ్లు తెరిచే రోజులు. షాపు నిండా పిల్లలు, ఏడుపులు, నల్లబూట్ల పెట్టెలు. అప్పుడు మోగింది నా ఫోను.

"ఆంటీ, పూర్తి చేసేనండి! అందరితోపాటే దిగేనండి. ముందు వరసలోనే!"

అరిచినట్టే చెప్పాను షాపులో అందరికీ. ఓనరుగారు కూల్‌డ్రింకులు తెప్పించమన్నారు. బాబాయిగారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

"మడమలెలా ఉన్నాయమ్మా? ... మంచిది. గోళ్లో? ... ఒకటా? ఏ కాలు? ... ఆహా."

ఫోను నాకిచ్చేసి, ఆ రోజంతా దిగాలుగా ఉన్నారు. పిల్ల పాసయింది, మేమంతా పండగ చేసుకుంటున్నాం, ఆయనొక్కరూ నల్లబడిన ఆ ఒక్క గోరు గురించే బాధపడుతున్నారు. "ఎడమదేనంట," అని సాయంత్రం షట్టరు వేసేటప్పుడు కూడా అన్నారు.

ఆ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఆడవాళ్లు వస్తే అరల వైపు తిరగడం మానేశారు. ఎదురుగా వచ్చి, "కాలు చూడొచ్చా అమ్మా?" అని అడిగేవారు. కొందరు చూడమనేవారు, కొందరు వద్దనేవారు. వద్దంటే నన్ను పిలిచేవారు. పెద్ద విషయమేమీ కాదు, అడగడమే. జీవితమంతా అడక్కుండా గడిపేశానే అమ్మాయ్ అని ఒకసారి అన్నారు. పోలీసు సెలక్షన్లకు వెళ్లే పిల్లలు, నర్సింగు చదివే పిల్లలు, రోజంతా నిలబడే టీచర్లు, ఆయన్నే వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. పైఅరలో ఆడవాళ్ల నడక బూట్లు కూడా చేరాయి. కొండల్లేని ఊళ్లో కొండ బూట్లేంటని నవ్వినవాళ్లే తర్వాత కొన్నారు.

బాబాయిగారు కాలం చేసి రెండేళ్లయింది. ఆయన ఏ కొండా ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు, పోయిన చలికాలం దాకా.

ఆ పిల్ల ఇప్పుడు రంపచోడవరం అవతల పనిచేస్తోంది. రమ్మని ఎన్నాళ్లుగానో పిలుస్తుంటే వాళ్లమ్మా నేనూ కలిసి వెళ్లాం. మా ఇద్దరికీ బూట్లు ముందే నేను దగ్గరుండి కొన్నాను, సాయంత్రం పూట, దళసరి మేజోళ్లతో. తెల్లారాక ఆ పిల్ల తను కాపలా కాసే బీటులో ఉన్న చిన్న కొండ మీదికి తీసుకెళ్లింది. చీరలు పైకి దోపుకుని, పదడుగులకోసారి ఆగుతూ ఎక్కాం. పైకెక్కాక వాళ్లమ్మ నాలుగు దిక్కులూ కలియజూసి, "ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదేంటే, మనుషులెలా బతుకుతున్నారే?" అంది. పిల్ల పడీపడీ నవ్వింది. బాబాయిగారుంటే ఇక్కడ ఎవరి కాళ్లు ఎలా ఉన్నాయో చూసుకుంటూ కూర్చునేవారని నేను అన్నాను. ముగ్గురం కాసేపు ఆయన కబుర్లే చెప్పుకున్నాం.

దిగుతుంటే ఎదురుగా ఒక పెద్దావిడ కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఎక్కుతోంది. ఆ ఊరి మనిషే. కాళ్లకు ఏమీ లేవు. ఆ రాళ్ల మీద మా ఇంట్లో వసారాలో నడిచినట్టు నడుస్తోంది. మేం దారి ఇచ్చి పక్కకు జరిగాం. ఆవిడ ఆగి, చీరల కింద చీలమండల దాకా బిగించి ఉన్న మా బూట్లకేసి చూసింది. వయసులో ఉన్న పిల్లకు సరే, ముసలమ్మలిద్దరికీ ఏం వచ్చిందో అనుకున్నట్టుంది. మొహంలో జాలి కనిపించింది.

"కాళ్లకేమయిందమ్మా మీకు?" అని అడిగింది.

వాళ్లమ్మే చెట్టు కొమ్మ పట్టుకుని ఊపిరి తీసుకుని, వినయంగా జవాబు చెప్పింది.

"ఏం కాలేదండి. మాది కోనసీమండి."